మూడో తీగ దారి

మనం "ఎర్త్" అంటాం, అమెరికా వాళ్లు "గ్రౌండ్" అంటారు. రెండు మాటలూ ఒకే పొరపాటు నేర్పుతాయి: దారి తప్పిన కరెంటు వాన నీరులా నేలలో ఇంకిపోతుందని. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, పైపు పాతించాక ఇక ఇల్లు భద్రమని మన వాళ్లు నిశ్చింతగా ఉండేది ఆ నమ్మకంతోనే. కానీ కరెంటుకు నేలతో పనిలేదు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బయల్దేరిందో మళ్లీ అక్కడికే చేరాలి, అందుకు దొరికిన ప్రతి దారినీ వాడుకుంటుంది. ఈ చిన్న సత్యాన్ని ఇళ్ల నిబంధనల్లోకి ఎక్కించడానికి అమెరికాకు దాదాపు డెబ్భై ఏళ్లు పట్టింది. ఆ చరిత్ర మొత్తం అక్కడి మోటార్‌హోమ్‌లో, అంటే వంటగదీ పడకా స్నానాలగదీ ఉన్న బండిలో, ప్రతి సాయంత్రం మళ్లీ మొదటి నుంచి పరీక్షకు వస్తుంది. మనకు తెలిసిన పోలిక షూటింగుల దగ్గర నిలిపే కారవాన్. అమెరికాలో మామూలు కుటుంబాలే దాన్ని నడుపుకుంటూ వెళ్లి, క్యాంపు స్థలంలో కరెంటు పెట్టె పక్కన ఆపి, లావాటి కేబుల్ తగిలిస్తాయి. ఆ కరెంటును "షోర్ పవర్" అంటారు. రేవులో ఆగిన ఓడకు ఒడ్డు నుంచి ఇచ్చే కరెంటు పేరు అది, బండికీ అంటుకుంది.

1890లలో న్యూయార్కు అగ్నిప్రమాద బీమా వర్గాలు తీగను నేలకు కలపడమే ప్రమాదమని వాదించాయి. ఎడిసన్ కంపెనీ న్యూట్రల్‌ను భూమికి కలుపుతుంటే, అలాంటి వ్యవస్థలో ఒక్క చోట తొడుగు చెడినా నిప్పు పుడుతుందన్నది వాళ్ల భయం. అది మూఢత్వం కాదు, లెక్క ప్రకారం నిజమే. కానీ ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టుల చుట్ట ఇంటి చుట్టకు తగిలితే ఆ వేల వోల్టులూ దీపం స్విచ్చి దాకా వస్తాయి. న్యూట్రల్ భూమికి కలిసి ఉంటే అలా జరగదు. ఈ వాదమే చివరికి గెలిచింది. 1913 నాటి జాతీయ విద్యుత్ కోడ్ 150 వోల్టుల లోపు ఇంటి సరఫరాలకు ఆ పనిని తప్పనిసరి చేసింది. అయితే ఆ మందే కొత్త జబ్బు తెచ్చింది. న్యూట్రల్ నేలకు కలిశాక, ఫేజు తగిలిన ఇనుప పెట్టెను ముట్టుకుని తడి నేల మీద నిలబడ్డ మనిషి తానే ఒక తీగ అయిపోతాడు. వ్యవస్థను భూమికి కలపడం వేరు, పెట్టెను న్యూట్రల్‌కు కలిపి ఫ్యూజు ఎగిరేలా చేయడం వేరు. ఈ రెండో పని చేసేదే మూడో తీగ.

అది నింపాదిగా వచ్చింది. మూడు పిన్నుల ప్లగ్గుకు ఫిలిప్ లాబ్రే 1928లోనే పేటెంటు పొందాడు. కోడ్ మాత్రం 1947లో బట్టలుతికే గదికి, 1962 నాటికి కొత్తగా వేసే మామూలు సాకెట్లన్నిటికీ దాన్ని అడిగింది. పాత ఇళ్లను ముట్టుకోలేదు కాబట్టి రెండు కన్నాల సాకెట్లు నేటికీ గోడల్లో ఉన్నాయి. ఇంతకన్నా ఆలోచింపజేసేది బట్టలారబెట్టే యంత్రం, ఎలక్ట్రిక్ పొయ్యి కథ. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి ఆదా కోసం పొయ్యి ఇనుప ఒంటిని న్యూట్రల్‌కే కలుపుకోవచ్చని 1942లో సడలింపు ఇచ్చారు, తర్వాత అది బట్టలారబెట్టే యంత్రానికీ వచ్చింది. యుద్ధం మూడేళ్లలో ముగిసింది, కొత్త వైరింగులో ఆ సడలింపు ముగిసింది 1996లో. ఆ న్యూట్రల్ ఒక్క చోట తెగితే చాలు, యంత్రం ఒళ్లంతా ఫేజు అవుతుంది.

ఇదే ప్రమాదం బండికి ఇంకా పెద్దది, ఎందుకంటే బండి మొత్తం ఒకే ఇనుప పెట్టె. "రబ్బరు టైర్ల మీద ఉంది కదా, షాక్ ఎలా కొడుతుంది?" అని చాలామంది అడుగుతారు. లోపల ఉన్నవాడికి కొట్టదు, నిజమే. కానీ నీళ్లు కాచే హీటరు చుట్ట పాడై ఫేజు ఛాసిస్‌కు తగిలినప్పుడు, మూడో తీగ తెగి ఉంటే, ఆ టైర్లే కరెంటు దారి మూసేస్తాయి. బ్రేకరు పడదు, ఫ్రిజ్ నడుస్తుంది, దీపాలు వెలుగుతాయి, బండి మాత్రం 120 వోల్టుల మీద మౌనంగా కాచుకుని ఉంటుంది. తడి గడ్డి మీద ఒక కాలు ఉంచి, తలుపు పిడి పట్టుకున్నవాడితో దారి పూర్తవుతుంది. తడి ఒంటి నిరోధం సుమారు 1000 ఓంలు అనుకుంటే 120 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అది చాలు. 120 వోల్టులు కాబట్టి ఫరవాలేదనే మన వాళ్ల ధీమాకు జవాబు కూడా ఇదే.

బండి పక్కనే ఒక కడ్డీ నేలలో దిగ్గొడితే సరిపోదా అన్నది రెండో అభ్యంతరం. సరిపోదు. ఒంటరి కడ్డీ నిరోధం 25 ఓంలు దాటితే రెండోది వేయమంటుంది కోడ్. ఆ 25 ఓంలే ఉన్నాయనుకుందాం: 120ని 25తో భాగిస్తే 4.8 ఆంపియర్లు. 30 ఆంపియర్ల బ్రేకరుకు అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. బండి ఒళ్లు ఫేజుగా అలాగే ఉంటుంది. అదే రాగి తీగ వెనక్కి వెళ్తే వందల ఆంపియర్లు పారి బ్రేకరు రెప్పపాటులో పడుతుంది. మూడో అభ్యంతరం బలమైనది: బర్క్‌లీలో చార్ల్స్ డాల్జియెల్ 1961లో తయారుచేసిన లీకేజీ బ్రేకరు ఉండగా తీగ కోసం ఇంత తాపత్రయం ఎందుకు? పట్టు వదల్లేని స్థితి మగవాళ్లకు సగటున 16, ఆడవాళ్లకు 10.5 మిల్లీ ఆంపియర్ల దగ్గర మొదలవుతుందని కొలిచిన మనిషి ఆయన. అందుకే ఆ పరికరం సుమారు 5 దగ్గరే తెంపేస్తుంది. గొప్ప సాధనం, ఎన్నో ప్రాణాలు కాచింది. కానీ మూడో తీగ లేని చోట అది పనిచేయాలంటే ముందు ఎవరో ఒకరి ఒంట్లోంచి కరెంటు పోవాలి. పైగా క్యాంపు పెట్టెల్లో చిన్న సాకెట్లకే అది ఉంటుంది, పెద్ద బండ్లు వాడే 30, 50 ఆంపియర్ల సాకెట్లకు సాధారణంగా ఉండదు.

న్యూట్రల్, గ్రౌండ్ కలిసే చోటు ఒక్కటే ఉండాలి. ఒడ్డు కరెంటు మీద ఉన్నప్పుడు ఆ చోటు క్యాంపు వారి సర్వీసు దగ్గర. బండి లోపల రెండూ కలవకూడదు, కలిస్తే బట్టల యంత్రం కథే. సొంత జనరేటరు నడిచేటప్పుడు మాత్రం ఆ కలయిక బండిలోనే జరగాలి, ఒడ్డుకు మారగానే ట్రాన్స్‌ఫర్ స్విచ్ దాన్ని విడదీయాలి. తెలియనివాడు బండి బోర్డులో ఒక తీగ ముక్క తగిలించి ఈ ఏర్పాటంతా చెడగొట్టగలడు. ఇలాంటి తప్పు క్యాంపు పెట్టెలోనూ ఉండొచ్చు, అందుకే ముందు సాకెట్టును పరీక్షించి, బ్రేకరు దించాకే కేబుల్ పెట్టాలి. మూడు దీపాల టెస్టరు ఒక్కటే చాలదు. బండిని తగిలించిన పాత ఇంట్లో ఎవరో సాకెట్టులోనే న్యూట్రల్‌నూ గ్రౌండ్‌నూ కలిపి, ఫేజును తిప్పి బిగించి ఉంటే దీపాలు అంతా బాగుందంటాయి, బండి ఒళ్లు మాత్రం ఫేజు. తగలకుండానే వోల్టేజీని పసిగట్టే టెస్టరును తలుపు దగ్గర పెడితే అది కూస్తుంది.

కేరళ 2021లో కారవాన్ పర్యాటకం మొదలుపెట్టింది, మన వైపు కూడా ఈ బండ్లు పెరుగుతాయి. మన చాలా ఇళ్లలో ఎర్త్ పిన్ను ఆ ఇంటి గోతికే పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌తో దానికి రాగి బంధం ఉండదు. గోతి నిరోధం 10 ఓంలు అనుకున్నా 230 వోల్టుల మీద పారేది 23 ఆంపియర్లే, 32 ఆంపియర్ల ఎంసీబీ కదలదు. అక్కడ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు, అంటే ఆర్‌సీసీబీ లేకుండా బండికి కరెంటు ఇవ్వడం తప్పు. షూటింగుల దగ్గర జనరేటరు నుంచి కారవాన్‌కు వేసే కేబుల్లో మూడో తీగ ఉందా, అది జనరేటరు దగ్గర న్యూట్రల్‌తో కలిసిందా అన్నది మెట్టు మీద తొలి కాలు పడకముందే చూడాల్సిన పని.