ఒక స్విచ్ లాగ్ వాక్యానికి ప్రతిపదార్థం

మూలం:

000042: *మార్చి 1 00:04:17.312: %లైన్‌ప్రోటో-5-అప్‌డౌన్: లైన్ ప్రోటోకాల్ ఆన్ ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్0/5, ఛేంజ్డ్ స్టేట్ టు డౌన్

సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లు ఇలాంటి వాక్యాలు రోజూ రాస్తాయి. మదనపల్లె కాలేజీ ల్యాబ్‌లోనైనా, కుప్పంలో బ్యాంకు వెనకగదిలోనైనా స్విచ్ రాసే తీరు ఇదే. చాలాచోట్ల దాన్ని చదివేవాళ్లే ఉండరు. నెట్ పోగానే స్విచ్ ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. లాగ్ ఉండేది ర్యామ్‌లో కాబట్టి అప్పటిదాకా రాసుకున్నదంతా ఆ క్షణమే పోతుంది. నెట్ వచ్చేస్తుంది గానీ ఎందుకు పోయిందో ఇక తెలియదు, వారానికి మళ్లీ అదే కథ. మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా వెళ్లి బాగుచేయాల్సిన మనిషి సంచిలో ప్యాచ్ కార్డు పెట్టుకోవాలా, ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ పెట్టుకోవాలా? అది ముందే తేల్చగలిగేది ఈ వాక్యాలే. అందుకే ఒకదాన్ని తీసుకుని పదం పదం విప్పుతున్నాను.

000042: వరస సంఖ్య. సెట్ చేస్తేనే కనిపిస్తుంది. స్విచ్ తన లాగ్‌ను పంపే సర్వర్‌కు చేరిన వాక్యాల్లో 42 తర్వాత 47 ఉంటే నడుమ నాలుగు చేరలేదని అర్థం. ఖర్చులేని ఏర్పాటు, పెట్టించుకోండి.

*మార్చి 1 00:04:17.312: ఈ వాక్యంలో నాకు అన్నిటికంటే విలువైన ముక్క ఇదే. ఇది నిజమైన తేదీ కాదు. క్యాటలిస్ట్ 2960 లాంటి చిన్న స్విచ్‌లలో గడియారాన్ని నిలబెట్టే బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే వాటి గడియారం 1993 మార్చి 1 అర్ధరాత్రి దగ్గర మొదలవుతుంది. ముందున్న నక్షత్రం గుర్తు ‘ఈ సమయాన్ని నమ్మొద్దు’ అని స్విచ్ తానే చెప్పే మాట. కాబట్టి ఈ తేదీ అబద్ధమైనా అది చెప్పే సంగతి నిజం: స్విచ్ లేచి నాలుగు నిమిషాలైంది. అంటే సాధారణంగా కరెంటు పోయి వచ్చి ఉంటుంది, లేదా ఎవరో ప్లగ్ పీకి పెట్టి ఉంటారు. వేసవి సాయంత్రాల్లో గాలివాన రాగానే కరెంటు పోయే మన ఊళ్లలో ఈ మార్చి 1 లాగ్‌లో పదేపదే ఎదురవుతుంది. అది కనిపించిన చోట ముందు యూపీఎస్ బ్యాటరీ చూడాలి, స్విచ్‌ను తర్వాత చూడొచ్చు.

గడియారం సరిగ్గా నడవాలంటే సమయం అందించే ఎన్‌టీపీ సర్వర్ చూపించి, ‘క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30’ అని ఇవ్వాలి. ఆ 5 30 మరిచిపోతే మధ్యాహ్నం మూడింటి సంఘటన ఉదయం తొమ్మిదిన్నరకు జరిగినట్టు కనిపిస్తుంది. ఊళ్లో కరెంటు ఎప్పుడు పోయిందో, లాగ్‌లో పోర్టు ఎప్పుడు పడిందో పక్కపక్కన పెట్టి చూడలేకపోతే లాగ్ ఉన్నా లేనట్టే.

లైన్‌ప్రోటో: స్విచ్‌లో ఏ భాగం మాట్లాడుతోందో ఇది చెబుతుంది. ‘లింక్’ అంటే వైరు, సిగ్నల్ సంగతి. ‘లైన్‌ప్రోటో’ అంటే ఆ వైరు మీద నడిచే మాటామంతీ సంగతి. ‘పీఎం’ అంటే పోర్టులను అదుపు చేసే భాగం. ‘ఎస్‌వైఎస్’ అంటే స్విచ్ మొత్తం.

5: తీవ్రత అంకె. 0 నుంచి 7 దాకా ఉంటుంది, అంకె తగ్గేకొద్దీ తీవ్రత ఎక్కువ. 0 అత్యవసరం, 3 దోషం, 4 హెచ్చరిక, 5 గమనిక, 7 డీబగ్. ఈ మెట్లు సిస్కోవి కావు. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ తన సెండ్‌మెయిల్ ప్రోగ్రాం కోసం చేసుకున్న సిస్‌లాగ్ నుంచి వచ్చాయి, 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5424గా స్థిరపడ్డాయి. సర్వర్‌కు వెళ్లేటప్పుడు ఇదే 5 మరో అంకెలో కలిసిపోతుంది. సిస్కో వాడే లోకల్7 విభాగం సంఖ్య 23, దాన్ని 8తో హెచ్చిస్తే 184, దానికి 5 కలిపితే 189. సర్వర్‌లో వాక్యం ముందు కనిపించే 189 అదే.

చాలామంది దారి తప్పేది ఈ అంకె దగ్గరే. 4, అంతకంటే తీవ్రమైనవి మాత్రమే పంపమని సెట్ చేసి, మిగతావి చెత్త అని వదిలేస్తారు. పోర్టు మళ్లీ లేచిందన్న మంచి కబురు ‘లింక్-3-అప్‌డౌన్’గా, అంటే దోషం స్థాయిలో వస్తుంది. ఎవరో సెట్టింగులు మార్చారని చెప్పే ‘ఎస్‌వైఎస్-5-కాన్ఫిగ్_ఐ’ మాత్రం వట్టి గమనిక. స్విచ్ తిరిగి లేచిందని చెప్పే ‘రీస్టార్ట్’ కూడా 5వ మెట్టుదే. ఒకే మ్యాక్ అడ్రస్ రెండు పోర్టుల మధ్య గెంతుతోందని చెప్పే ‘మ్యాక్‌ఫ్లాప్’ స్థాయి 4 మాత్రమే. కానీ దాని వెనక వైరు లూప్ ఉంటే క్యాంపస్ మొత్తం ఆగిపోతుంది. ఈ అంకె స్విచ్ తయారుచేసినవాళ్లు వేసింది. మన ఆఫీసుకు ఎంత నష్టమో దానికి తెలియదు. నా మాటగా చెప్పాలంటే సర్వర్‌కు 6 దాకా అన్నీ రానివ్వాలి, వడపోత అక్కడ చేసుకోవాలి.

అన్ని కంపెనీలూ అంకెలే వాడవు. హెచ్‌పీ తన ప్రోకర్వ్ స్విచ్‌లలో ఐ, డబ్ల్యూ, ఎం లాంటి అక్షరాలు వాడింది. పోర్టులో సీఆర్‌సీ తప్పులు ఎక్కువైతే ఆ స్విచ్ ‘ఎక్సెసివ్ సీఆర్‌సీ’ అని విడిగా రాస్తుంది. అది కనిపిస్తే క్రింపింగ్ సరిగా లేని ఆర్‌జే-45నో, నలిగిన వైరునో అనుమానించాలి.

అప్‌డౌన్: సంఘటన పేరు. పడినా లేచినా ఇదే పేరు. అసలు కబురు వాక్యం చివర్లో ఉంటుంది.

గిగాబిట్‌ఈథర్నెట్0/5: ఐదో పోర్టు. అవతల ఏముందో స్విచ్ చెప్పదు. ప్రిన్సిపాల్ గది కంప్యూటరా, సీసీ కెమెరానా, పక్క బ్లాకుకు వెళ్లే వైరా అన్నది రాక్ తలుపుకు అతికించిన కాగితం చెప్పాలి. బ్లాకుకూ బ్లాకుకూ మధ్య ఆరుబయట రాగి వైరు లాగి ఉంటే, పిడుగు పడిన రోజు పోయే పోర్టు సాధారణంగా అదే. అక్కడ ఫైబర్ వేయించడమే సరైన మందు.

డౌన్: ఈ మాటకు అన్వయం పైన, కింద ఉన్న వాక్యాలతోనే కుదురుతుంది. సెకను తర్వాత ‘లింక్-3-అప్‌డౌన్’ డౌన్ అని వస్తే, వైరు ఊడింది లేదా అవతలి పరికరం ఆగింది. ‘లింక్-5-ఛేంజ్డ్’ అని, ‘అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్’ అని ఉంటే ఎవరో కావాలనే మూశారు. దీనికి ముందే ‘పీఎం-4-ఎర్_డిజేబుల్’ వచ్చి, అందులో బీపీడీయూగార్డ్ పేరుంటే, ఎవరో ఆ పాయింటుకు ఇంకో స్విచ్ తగిలించారు, లేదా ఒకే వైరు రెండు కొసలూ గోడ పాయింట్లలో గుచ్చారు. అప్పుడు పోర్టును మూసింది స్విచ్చే. ఆ వైరు తీయకుండా ‘షట్‌డౌన్’, ‘నో షట్‌డౌన్’ కొట్టి లాభం లేదు. తనంతట తానే తెరుచుకునేలా పెట్టినా, మామూలుగా 300 సెకన్లకు తెరుచుకుని వెంటనే మళ్లీ మూసుకుంటుంది.

తాత్పర్యం: కరెంటు వచ్చి స్విచ్ లేచిన నాలుగు నిమిషాలకు ఐదో పోర్టు అవతల సంభాషణ ఆగింది.

విశేషాలు: ఇంటింటి ఫైబర్‌లో మామూలు స్విచ్‌కు లేని ఒక సదుపాయం ఉంది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తన ఫైబర్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగింది. ఇలాంటి జీపాన్ నెట్‌వర్కులో ఇంట్లో పెట్టే పెట్టె కరెంటు పోయిన క్షణంలో, లోపల మిగిలిన కాస్త చార్జితో ‘డైయింగ్ గ్యాస్ప్’ అనే ఒక కబురు పంపి ఆగిపోతుంది. పుంగనూరులో ఒక వీధి ఇళ్లన్నీ ఆ కబురు పంపి ఆగితే అది కరెంటు కోత, కాసేపు ఆగితే చాలు. కబురు లేకుండా అన్నీ ఒక్కసారి సిగ్నల్ పోగొట్టుకుంటే ఫైబర్ తెగినట్టే, స్ప్లైసింగ్ మెషీన్ తీసుకుని మనిషి బయల్దేరాలి.

మామూలు స్విచ్‌కు ఆ భాగ్యం ఉండదు. సిస్‌లాగ్ సాధారణంగా యూడీపీ 514 పోర్టు మీద వెళ్తుంది, చేరిందో లేదో అడగదు. కుప్పం స్విచ్‌కు మదనపల్లె సర్వర్‌తో కలిపే అప్‌లింక్ పడితే, ‘అప్‌లింక్ పడింది’ అన్న వాక్యం కూడా ఆ అప్‌లింక్ మీదే వెళ్లాలి కాబట్టి అది మదనపల్లె చేరదు. లైను తిరిగొచ్చాక కుప్పం స్విచ్‌లోకి వెళ్లి ‘షో లాగింగ్’ కొట్టి చదువుకోవాలి. బఫర్‌ను సాధారణంగా ఉండే 4096 బైట్ల దగ్గరే వదిలేస్తే దొరికేవి కొన్ని పదుల వాక్యాలు. పడుతూ లేస్తూ ఉండే ఒక్క పోర్టు చాలు, పాతవన్నీ నిమిషాల్లో తుడిచిపెట్టేస్తుంది. బఫర్ పెంచండి. క్యాటలిస్ట్‌లో లాగ్‌ను ఫ్లాష్‌లో ఫైలుగా రాయించే వీలుంటే అదీ పెట్టండి, కరెంటు పోయినా నిలుస్తుంది. డీబగ్ స్థాయి దాకా మాత్రం రాయించకండి, ఫ్లాష్ అరిగిపోతుంది.