కవాటం తెరుచుకున్నాక: స్త్రీ గుండె లయకు ఒక చరిత్ర

గుండెకు కత్తి తాకించి మనిషిని బతికించవచ్చునన్న నమ్మకాన్ని వైద్యలోకానికి కలిగించిన తొలి ఆపరేషన్లను పరిశీలిస్తే, వాటిలో అనేకం ఆడపిల్లలకూ యువతులకూ జరిగినవేనని తెలుస్తుంది. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు చేరిన రక్తం ఎడమ జఠరికలోకి దిగే ద్వారాన్ని మైట్రల్ కవాటం అంటారు. 1923లో బోస్టన్‌లో ఇలియట్ కట్లర్ బిగుసుకుపోయిన ఆ కవాటాన్ని కోసి వెడల్పు చేసినది పన్నెండేళ్ల బాలికకు. 1925లో లండన్‌లో హెన్రీ సౌటర్ గుండెలోకి వేలు జొనిపి అదే కవాటాన్ని తెరిచినది ఒక యువతికి. 1948 జూన్‌లో ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీకి అదే పనిలో తొలి విజయాన్నిచ్చిన రోగి 24 ఏళ్ల స్త్రీ. 1944లో బాల్టిమోర్‌లో ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ పుట్టుకతో వచ్చిన గుండెలోపం వల్ల ఒళ్లు నీలబడే ‘నీలి శిశువు’ల కోసం చేసిన మొదటి ఆపరేషన్ పదిహేను నెలల పాపకు జరగగా, 1953 మే 6న జాన్ గిబ్బన్ తాను రూపొందించిన గుండె-ఊపిరితిత్తుల యంత్రం సాయంతో కర్ణికల మధ్య గోడలోని రంధ్రాన్ని మూసినది పద్దెనిమిదేళ్ల అమ్మాయికి.

ఇది కాకతాళీయం కాదు. చిన్నతనంలో వచ్చే ఒక రకం గొంతునొప్పి సరైన చికిత్స లేక ముదిరి కీళ్లవాతపు జ్వరంగా మారినప్పుడు, ఆ జ్వరం కీళ్లను కొంతకాలం బాధించి వదిలిపెట్టినా, కవాటాల మీద వేసిన దెబ్బ ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటుంది. అలా మైట్రల్ కవాటం బిగుసుకుపోయే జబ్బు మగవారికంటే ఆడవారిలో చాలా ఎక్కువ. కర్ణికల మధ్య రంధ్రం కూడా ఆడపిల్లలలోనే ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి గర్భధారణ తోడవుతుంది. కడుపుతో ఉన్న స్త్రీ ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది కాబట్టి, అంతవరకు ఎలాగో నెట్టుకొచ్చిన ఇరుకు కవాటం ఆ భారాన్ని దాటించలేక, ఆరేడు నెలల గర్భిణి పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చోవలసి వస్తుంది. ఎన్నో ఇళ్లలో గుండె జబ్బు ఉన్నదని తెలిసినది ఆ రాత్రులలోనే.

ఆపరేషన్ కవాటాన్ని తెరిచింది గాని, లయను సరిచేయలేదు. ఇరుకు ద్వారం వెనుక ఏళ్ల తరబడి ఒత్తిడికి లోనైన ఎడమ కర్ణిక సాగి ఉబ్బిపోతుంది, దాని గోడలో పీచుకణజాలం పేరుకుంటుంది, విద్యుత్ సంకేతం ఒక్క దారిన నడవడానికి బదులు అనేక దారుల్లో చెదిరి తిరుగుతుంది. అప్పుడు కర్ణిక క్రమంగా ముడుచుకోవడం మాని వణుకుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని వైద్యులు పిలిచే ఈ స్థితిలో నాడి పొందిక లేకుండా కొట్టుకుంటుంది, కదలిక తగ్గిన కర్ణికలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ వణుకును గుండె విద్యుత్ పటం (ఈసీజీ)పై గుర్తించి, దాన్ని నిర్దిష్టమైన లయదోషంగా స్థాపించినవారిలో 1909 నాటి లండన్ వైద్యుడు థామస్ లూయిస్ ముఖ్యుడు. గుండె ఆపరేషన్ జరిగిన రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల ఈ లయదోషం తలెత్తడం నేటికీ మామూలే. అయితే ఈ తొలిరోజుల చిక్కు ఆడవారిలో మగవారికంటే ఎక్కువేమీ కాదు. స్త్రీలకు అసలు పరీక్ష చాలా ఆలస్యంగా వస్తుంది. కర్ణిక మీద పెట్టిన కోత మానిన చోట మచ్చ మిగులుతుంది, మచ్చ గుండా విద్యుత్తు ప్రసరించదు, ఆ అడ్డు చుట్టూ సంకేతం గిరగిరా తిరగడం మొదలుపెడితే పది, ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత కూడా గుండె ఒక్కసారిగా నిమిషానికి నూటయాభై సార్లు కొట్టుకోవచ్చు.

ఇరవై ఏళ్లకు కవాటం తెరిపించుకున్న స్త్రీకి ఆ ముప్పయ్యేళ్లు నిండేసరికి ముట్లుడిగే వయసు వస్తుంది. అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీని తగ్గించే ఆ కాలంలో ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి, గుండెదడ సహజంగానే కనిపిస్తాయి. ఆవిరి వచ్చినప్పటి దడ ఏది, మచ్చ చుట్టూ తిరిగే విద్యుత్తు వల్ల వచ్చిన దడ ఏది అన్నది రోగి చెప్పిన మాటలను బట్టి తేల్చడం కష్టం. దడ ఉన్న సమయంలో పటం తీస్తేనే తెలుస్తుంది. ఆ పటం తీయాలన్న ఆలోచనకే చరిత్ర అడ్డు నిలిచింది. 1857లో లండన్ వైద్యుడు ఎడ్వర్డ్ టిల్ట్ ఈ వయసు స్త్రీల బాధల మీద పుస్తకం వెలువరిస్తూ వాటిలో అధికభాగాన్ని నాడీమండలపు కలతగా వివరించాడు. ఇంచుమించు అదే తరంలో, 1871లో, అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న మూడు వందల మంది సైనికుల గుండెదడను జేకబ్ డా కోస్టా ఓపికగా పరిశీలించి దానికి గుండె పేరుతోనే ఒక రోగనామం ఇచ్చాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అటువంటి సైనికుల కోసం లూయిస్ నాయకత్వంలో ప్రత్యేక ఆస్పత్రే నడిచింది. సైనికుడి దడకు ఆస్పత్రి వెలిసిన కాలంలో స్త్రీ దడకు దొరికిన సమాధానం వయసు, నరాలు, ఓర్పు అనే మూడు మాటలే. ఇది అన్యాయమని నేడు చెప్పడానికి వెనుకాడనక్కరలేదు.

స్త్రీ పురుషుల గుండెల మధ్య తేడా కనబడక కాదు. గుండె జఠరికలు ఒక స్పందన తర్వాత తిరిగి సిద్ధమయ్యే వ్యవధిని విద్యుత్ పటంలో క్యూటీ అంటారు. 1920లో హెన్రీ బాజెట్ దాన్ని గుండె వేగానికి తగినట్లు లెక్కించే సూత్రం ఇచ్చినప్పుడు పురుషులకు 0.37, స్త్రీలకు 0.40 అని రెండు వేర్వేరు అంకెలు వాడాడు. యౌవనంలో మగవారిలో పెరిగే టెస్టోస్టెరాన్ ఆ వ్యవధిని కుదిస్తుందనీ, స్త్రీలలో అది పొడవుగానే మిగులుతుందనీ తర్వాతి పరిశోధన తేల్చింది. లయను అదుపు చేయడానికి ఇచ్చే క్వినిడిన్, సోటలాల్ వంటి మందులు ఇదే వ్యవధిని మరింత సాగదీస్తాయి, హద్దు దాటితే ప్రాణాంతకమైన మరో లయదోషాన్ని పుట్టిస్తాయి. గుండె మందుల వల్ల అలా జరిగిన 332 ఉదంతాలను 1993లో లెక్కించినప్పుడు రోగుల్లో నూటికి డెబ్బై మంది స్త్రీలని తేలింది. బాజెట్ అంకెలకూ ఈ లెక్కకూ మధ్య డెబ్బయ్‌మూడేళ్లు గడిచిపోయాయి.

ఆ మధ్యకాలంలో స్త్రీ హార్మోన్ల మీద శ్రద్ధ లేకపోలేదు. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర 1942లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది, 1966లో రాబర్ట్ విల్సన్ రాసిన పుస్తకం ముట్లుడగడాన్నే హార్మోన్ లోటు వల్ల కలిగే వ్యాధిగా చిత్రించి ఆ మాత్రకు విపరీతమైన ప్రచారం తెచ్చింది. అయితే ఈస్ట్రోజెన్ గుండెను కాపాడుతుందా అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి 1960లలో మొదలైన పెద్ద ప్రయోగంలో చేరిన 8,341 మందీ పురుషులే. హార్మోన్ ఇచ్చినవారిలో గుండెపోట్లు, రక్తపు గడ్డలు పెరగడంతో ఆ భాగాలను మధ్యలోనే ఆపివేశారు. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గర్భధారణకు అవకాశమున్న స్త్రీలను కొత్త మందుల తొలిదశ పరీక్షల నుంచి దూరంగా ఉంచాలని సూచించింది. పుట్టబోయే బిడ్డను కాపాడాలన్న ఉద్దేశం మంచిదే గాని, ఫలితంగా మందు మోతాదులు పురుష దేహాన్నే కొలబద్దగా పెట్టుకుని స్థిరపడ్డాయి. ఈ విధానం 1993లో మారింది. అంతకు రెండేళ్ల ముందే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు తొలి మహిళా అధిపతి అయిన హృద్రోగ నిపుణురాలు బెర్నడిన్ హీలీ స్త్రీల మీదే బృహత్తరమైన పరిశోధనకు శ్రీకారం చుట్టింది. గర్భసంచి ఉన్న 16,608 మంది స్త్రీలపై జరిగిన దాని ఒక విభాగం 2002లో అర్ధంతరంగా ఆగింది. రెండు హార్మోన్లు కలిపి ఇచ్చిన మాత్ర గుండెను కాపాడకపోగా గుండెపోటు, పక్షవాతం, రొమ్ము కేన్సర్‌ల ముప్పును పెంచినట్లు తేలింది. లయ విషయంలో తర్వాత జరిగిన విశ్లేషణ మరో సంగతి చూపింది: గర్భసంచి తీసివేయించుకుని ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవారిలో కర్ణికల వణుకు కొద్దిగా పెరిగింది.

గర్భసంచి ఆపరేషన్ అన్న మాట తెలుగు నేలమీద కొత్తది కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో నూటికి మూడు చిల్లర ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది, తెలంగాణలో దాదాపు ఎనిమిది. అండాశయాలు కూడా తీసేస్తే ఏళ్ల మీద జరగవలసిన మార్పు ఒక్క రోజులో జరుగుతుంది, వాటిని ఉంచినా అవి కొంత ముందుగా ఉడిగిపోవచ్చు. కీళ్లవాతపు జ్వరం కవాటాలను చెడగొట్టిన స్త్రీలు ఈ రాష్ట్రాల్లోనూ ఉన్నారు. మెకానికల్ (లోహపు) కృత్రిమ కవాటం పెట్టించుకున్న స్త్రీ గాని, కవాటం ఇరుకుతో పాటు కర్ణికల వణుకు ఉన్న స్త్రీ గాని వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి రక్తం పలచబరిచే మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. గోంగూర, తోటకూర తినే పాళ్లు మారినా ఆ మాత్ర పనితీరు మారుతుంది కాబట్టి తరచూ ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకోవాలి. నలభై ఐదు దాటాక నెలసరి తప్పుతూ, వచ్చినప్పుడు వరదలా వచ్చే వయసులో ఆ మాత్ర రక్తస్రావాన్ని మరింత పెంచుతుంది. మాత్ర మానేస్తే గడ్డకట్టే ప్రమాదం, కొనసాగిస్తే రక్తహీనత, రక్తహీనత వల్ల మళ్లీ దడ. నోటితో తీసుకునే ఈస్ట్రోజెన్ గడ్డల ముప్పును పెంచుతుంది గనుక ఆ దారీ సులువైనది కాదు. గుండె వైద్యుడూ స్త్రీల వైద్యురాలూ ఒకే కాగితం మీద మాట్లాడుకోవలసిన చోటు ఇది.

ఈ స్త్రీలను నేరుగా లెక్కలోకి తీసుకున్న పెద్ద పరిశోధన 2022లో గాని ఫలితం చూపలేదు. కీళ్లవాతం వల్ల కవాటం చెడి కర్ణికల వణుకు వచ్చినవారిపై ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాలలోని 24 దేశాల్లో జరిగిన ఆ ప్రయోగంలో నాలుగున్నర వేల మందికి పైగా పాల్గొనగా, వారి సగటు వయసు దాదాపు యాభై, నూటికి డెబ్బై మందికి పైగా స్త్రీలు. తరచూ రక్తపరీక్ష అక్కరలేని రివరాక్సబాన్ అనే కొత్త మందు పాత పద్ధతి మాత్రలకు సమానంగా నిలుస్తుందని ఆశించారు, కాని పాత మాత్రలు వాడినవారిలోనే మరణాలు తక్కువగా నమోదయ్యాయి. దానితో ఈ జబ్బు ఉన్నవారికి వార్ఫరిన్ వర్గపు మాత్రలూ, వాటితో పాటు క్రమం తప్పని ఐఎన్ఆర్ పరీక్షా ఇప్పటికీ ప్రధాన చికిత్సగా నిలిచాయి.