ఊడిపోయే పన్నే కదా?



ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి మిద్దెమీదికి విసిరిన చేతులు మనవి. బాగేపల్లి కానివ్వండి, చింతామణి కానివ్వండి, అవ్వ పక్కన నిలబడి ఆ పని చేయనివాళ్ళు నా ఈడువాళ్ళలో తక్కువ. తెలుగులో దాన్ని పాలపన్ను అన్నాం, కన్నడంలో హాలుహల్లు అన్నాం. రెండు భాషల్లో పేరు ఒకటే. దానిమీద మనకున్న చిన్నచూపూ ఒకటే. "ఊడిపోయే పండ్లకు దుడ్లు పెట్టేదెందుకు సార్?" అన్నమాట బడిలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒకసారి ఆ మాట నేనే అన్నాను.

ఒకటో తరగతి పిల్ల. కింది దవడపన్ను నల్లగా గుంటపడి ఉండేది. ఏడాదిగా చిగురుమీద అప్పుడప్పుడు చీముగుల్ల లేచేది, తానే పగిలి అణిగిపోయేది. వాళ్ళమ్మ వచ్చి, చూపించాలంటారా అని అడిగింది. "ఊడిపోయేదే కదమ్మా, అయినా మన నీళ్ళే అట్లున్నాయి" అన్నాను. నెల తిరక్కముందే ఒక పొద్దున ఆ పిల్లకు దవడ కింద మెడదాకా వాచింది. జ్వరం, నోరు తెరవలేదు, మింగలేదు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. నేను వైద్యుణ్ణి కాను, బడిపంతులుని. ఆ తర్వాత దొరికిన పుస్తకాలు చదివి, తెలిసిన దంతవైద్యుల్ని అడిగి తెలుసుకున్నదేమిటంటే, నేనన్న ఆ ఒక్క మాటలో రెండు తప్పులున్నాయి. ఆ రెండు తప్పుల వెనుక చాలా పాత చరిత్ర ఉంది. ఈవేళ మీకు చెప్పదలచింది అదే.

ముందు పన్ను పుచ్చడం సంగతి. కన్నడంలో పిప్పిపన్నును హుళుకుహల్లు అంటాం. హుళ అంటే పురుగు. మనమూ పన్నుకు పురుగు పట్టింది అంటాం. ఇది మన పల్లెల అమాయకత్వం అనుకోకండి. బాబిలోనియావాళ్ళు మట్టిపలకమీద రాసుకున్న ఒక మంత్రంలో పురుగు దేవుడి దగ్గరికి పోయి, పంటికీ చిగురుకీ నడుమ తనకు చోటిమ్మని అడుగుతుంది. మన సుశ్రుత సంహితలో దంతరోగాల వరుసలో కృమిదంతకం అని ఒకటుంది. వాకుడు గింజల్ని నిప్పులమీద వేసి ఆ పొగను నోట్లోకి పట్టించే వైద్యం మన అవ్వల కాలందాకా నడిచింది. కన్నడంలో నెలగుళ్ళ అంటామే, ఆ ముళ్ళచెట్టే. పొగపట్టినాక తెల్లగా సన్నగా ఏవో రాలేవి, అదిగో పురుగులు అనేవాళ్ళు. యూరప్‌లోనూ వేరే చెట్టు గింజలతో ఇదే పొగ, ఇవే పురుగులు. నిజానికి అవి వేడికి పగిలిన గింజలోని మొలకలు.

పురుగుమీద గట్టిగా అనుమానపడ్డవాడు పియర్ ఫోషార్ అనే ఫ్రెంచి వైద్యుడు. 1728లో దంతవైద్యం మీద పెద్ద పుస్తకం వేశాడు. సూక్ష్మదర్శినిలో వెతికినా తనకు పురుగు కనబడలేదని రాశాడు. మరి పన్ను పుచ్చేదెట్లా? దానికి జవాబు రావడానికి ఇంకా నూటఅరవై ఏళ్ళు పట్టింది. బెర్లిన్‌లో పనిచేసిన మిల్లర్ అనే అమెరికన్ 1890లో తేల్చి చెప్పాడు: నోట్లో ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న తీపినీ పిండినీ పులియబెడతాయి, ఆ పులుపు పన్నును కరిగిస్తుంది. మజ్జిగ పులిసే లెక్కే. పురుగు ఉన్నదనుకున్న మన పెద్దలది పూర్తిగా తప్పనలేం. ప్రాణి ఉంది, కంటికి కనిపించేది కాదు, అంతే.

పాలపన్ను పైపెంకు పెద్దపన్ను పెంకుకన్నా పలుచన. లోపల నరమూ నెత్తురూ ఉండే మెత్తని గుజ్జు పంటి సైజుకు పెద్దది. అందుకే పిల్లల్లో పుచ్చు తొందరగా లోపలికి దిగుతుంది. అక్కడినుంచి వేరు చివరకు పోయి చీము పడుతుంది. పైగా పాలపళ్ళన్నీ ఒక్కసారి ఊడేవి కావు. ఇరవై పళ్ళలో ముందరివి ఆరేడేళ్ళకు కదులుతాయి, దవడవి మాత్రం పది, పన్నెండేళ్ళదాకా ఉంటాయి. నాలుగేళ్ళకు పుచ్చిన దవడపన్ను ఇంకా ఆరేడేళ్ళు ముద్ద నమలాలి. ముందే పోతే పక్కపళ్ళు ఆ చోటులోకి ఒరిగి, కిందనుంచి వచ్చే పన్నుకు దారి మూసేస్తాయి.

చిన్నపిల్లల పళ్ళకు వైద్యం చేయడం ప్రభుత్వం పని అని మొదట పెద్ద ఎత్తున పట్టించుకున్న దేశాల్లో న్యూజిలాండ్ ఒకటి. మొదటి ప్రపంచయుద్ధానికి పిలిచిన కుర్రాళ్ళ నోళ్ళు చూసి అక్కడి అధికారులు బెదిరిపోయారు. 1921లో బడిపిల్లల కోసమే దంతనర్సులకు శిక్షణ మొదలుపెట్టారు. మన దేశంలో మొదటి దంతవైద్య కళాశాలను డాక్టర్ ఆర్. అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించారు. బెంగళూరు ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1958లో వచ్చింది. మన తాతలకు పంటివైద్యుడంటే పట్టకారు పట్టుకున్నవాడే కావడంలో వింతేముంది?

పీకకుండా పాలపన్నును నిలబెట్టే విద్య కూడా ఈ నూరేళ్ళదే. లోపలి గుజ్జులో చెడినంతవరకు తీసేసి, మిగిలినదానికి మందుపెట్టి మూసే పద్ధతిని అమెరికాలో 1930 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చారు. 1950లో హంఫ్రీ అనే ఆయన పిల్లల దవడపళ్ళకు ఉక్కు క్యాపు వేయడం గురించి రాశాడు. తర్వాత స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు సూదీ మరా లేకుండానే ఆ క్యాపును అతికించింది. గాలి, తిండి అందక లోపలి పుచ్చు ఆగిపోయింది. 2006, 2007లో ఆమె పద్ధతిని పరీక్షించినవాళ్ళు పనిచేస్తుందని చెప్పారు. అయితే నొప్పీ చీమూ రాని పన్నుకే అది. చీము పట్టినదాన్ని లోపల శుభ్రం చేయాలి, లేదా తీసేయాలి. తీసినచోట పక్కపన్ను ఒరగకుండా చిన్న తీగ కట్టు వేస్తారు. అంగడిలో మాత్రలు తెచ్చి మింగిస్తే వాపు తగ్గినట్టుంటుంది, చీము మూలం అక్కడే ఉంటుంది. మళ్ళీ వస్తుంది. దవడ కింద వాపు, కంటికిందికి వాపు, జ్వరం, మింగలేకపోవడం, వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకండి.

ఇక రెండో తప్పు, మన నీళ్ళు. ఇది మన గడ్డమీద పుట్టిన తప్పు కాబట్టి కాస్త నిలబడి చెప్తాను.

1901లో అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి మెకే అనే కుర్ర దంతవైద్యుడు వచ్చాడు. అక్కడ పుట్టిపెరిగిన పిల్లల పళ్ళు గోధుమరంగు మచ్చలతో ఉన్నాయి. నీళ్ళలో ఏదో ఉందని ముప్పై ఏళ్ళు తిరిగాడు. 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయనజ్ఞుడు చర్చిల్ ఆ ఏదో ఫ్లోరైడ్ అని కనిపెట్టాడు. ఆ తర్వాత ఆరేళ్ళకే, 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ పళ్ళనే కాదు, ఎముకల్నీ వంచేస్తుందని షార్ట్, ఆయన తోటివైద్యులు ప్రకటించారు. మన దేశంలో ఆ జబ్బుకు పేరు పడింది తెలుగుగడ్డ మీదే.

బాగేపల్లి పేరు కూడా భూగర్భజల పరిశోధనల్లో తరచు కనబడుతుంది. చెరువులూ ఊటబావులూ నమ్ముకున్నంతకాలం ఒక తీరు. అవి ఎండి బోర్లు వందల అడుగులు దాటి, వెయ్యి దాటి దిగేసరికి రాళ్ళలోని ఫ్లోరైడ్ బిందెలోకి వచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదన్నది హద్దు. ఇప్పుడు ఊరూరా శుద్ధనీటి ఘటకాలు పెట్టారు. నాణెం వేసి క్యాను నింపుకునే ఇళ్ళలో పిల్లలకు ఆ నీళ్ళే తాగించండి.

కానీ గమనించండి. ఫ్లోరైడ్ మచ్చ పన్ను చిగురులోపల తయారయ్యేటప్పుడు పడేది. పాలపళ్ళు చాలావరకు తల్లి కడుపులోనే తయారవుతాయి. అందుకని వాటిలో ఆ మచ్చ తక్కువ, పెద్దపళ్ళలోనే ఎక్కువ. మచ్చ జంటగా వస్తుంది, కుడివైపు పన్నుకుంటే ఎడమవైపు దానికీ ఉంటుంది. పిప్పి అట్లా కాదు. గుంట పడుతుంది, తిండి ఇరుక్కుంటుంది, చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. నాలుగేళ్ళ బిడ్డ దవడపన్నులో నల్లటి గుంట కనబడితే అది బోరునీళ్ళ పని కాదు. బిస్కెట్టు, చాక్లెట్టు, రాత్రి నోట్లో పెట్టి పడుకోబెట్టే పాలసీసా, వీటి పని. మనం మాత్రం అన్నిటినీ కలిపి నీళ్ళ ఖాతాలో రాసేశాం.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఏ ఫ్లోరైడ్‌ను చూసి మనం భయపడతామో, దాన్నే వెండితో కలిపి, పుచ్చిన పాలపన్ను మీద ఒక చుక్క రాసే మందును జపాన్‌వాళ్ళు 1960ల చివర తయారుచేశారు. సూది లేదు, మర లేదు. పుచ్చు ఆగుతుంది, పన్ను మాత్రం నల్లబడుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. చీము దిగిన పన్నుకు ఇది పనికిరాదు. నల్లబడుతుందని వద్దనే తల్లులున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను, ఆడపిల్ల అయితే మరీ అడుగుతారు. అయితే ఆ నలుపు పన్నుతోపాటే ఊడిపోతుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యబృందాలు ఏటా బడికీ, రెండుసార్లు అంగన్‌వాడీకీ రావాలి. వాళ్ళు చూడవలసిన జబ్బుల్లో పళ్ళవీ ఉన్నాయి. వచ్చినరోజు బిడ్డను బడి మాన్పించకండి. నోరు కూడా చూడమని అడగండి.

ఇందాక చెప్పిన పిల్లకు పదకొండో ఏట ఆ పోయిన పన్ను జాగాలో పెద్దపన్ను వచ్చింది. పైన గోధుమరంగు మచ్చ, ఒక అంచున చిన్న గుంట. పాలపన్ను చీము కిందిపన్నును తాకితే అట్లా వస్తుందని, టర్నర్ అనే ఆంగ్లేయ దంతవైద్యుడి పేరుతో దాన్ని పిలుస్తారని నాకు అప్పుడు తెలిసింది. ఊళ్ళో ఎవరినడిగినా నీళ్ళ మచ్చే అంటారు. ఎడమవైపు జత పన్ను మాత్రం తెల్లగా ఉంది.