ఒక రాజీనామా వెనక బస్సు రూట్లు

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టేదాకా బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లా ఊళ్లే. కలెక్టరు కచేరీలో పని పడితే గిద్దలూరు దాటి, నల్లమల ఎక్కి దిగి, నంద్యాల మీదుగా కర్నూలు చేరుకోవాలి. గుంటూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్లే మీటర్ గేజ్ రైలు కంభం, గిద్దలూరు స్టేషన్లలో ఆగేది. ఆ పట్టాలకు దూరంగా ఉన్న పల్లెలకు మాత్రం ఎడ్లబండి, కాలినడక, అవి కాకుంటే బస్సే దిక్కు. 1964లో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజీనామాకు దారితీసిన కేసు ఆ కర్నూలు జిల్లా బస్సు రూట్లదే.

అప్పట్లో ఆంధ్ర ప్రాంతంలో బస్సులంటే ప్రైవేటువే. ఒక్కో యజమానికి ఒకటో రెండో బండ్లు, చేతిలో పర్మిట్, ఒక రూటు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు దొరక్క, వెనక బొగ్గు కొలిమి బిగించుకుని ఆ పొగతోనే నడిచిన బస్సులు తెలుగు జిల్లాల్లో ఎన్నో. క్లీనరు పొద్దున్నే కొలిమి రాజేసి, పంకా తిప్పి తిప్పి, గ్యాసు పుట్టాక గానీ బండి కదిలేది కాదు. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తోసేవాళ్లు. తెలంగాణలో దారి వేరు. నిజాం స్టేట్ రైల్వే 1932లోనే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. రాష్ట్రాలు కలిశాక, 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడినప్పుడు ఆ పాత నిజాం సంస్థే దానికి పునాది అయింది. ఇక ఆంధ్ర జిల్లాల రూట్లను ఒక్కొక్కటిగా తీసుకోవాలన్నది ప్రభుత్వ సంకల్పం.

ఆ సంకల్పంలో రాజ్యాంగ విరుద్ధమైనది ఏమీ లేదు. 1951లో జరిగిన మొదటి రాజ్యాంగ సవరణ 19వ అధికరణానికి ఒక మాట చేర్చింది. దాని ప్రకారం ఏ వ్యాపారాన్నయినా, పౌరులను పూర్తిగా పక్కన పెట్టి సరే, ప్రభుత్వమే నడుపుకోవచ్చు. అయితే దానికో పద్ధతి ఉండాలి. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలో 1956లో చేర్చిన కొత్త అధ్యాయం ఆ పద్ధతిని చెప్పింది. ప్రజల ప్రయోజనం కోసం ఫలానా రూటును తీసుకోవడం అవసరమని ముందు కార్పొరేషన్ స్వయంగా అనుకోవాలి. ఆ పథకాన్ని గెజిట్‌లో ప్రకటించాలి. నష్టపోయేవాళ్లు 30 రోజుల్లో అభ్యంతరాలు రాసి ఇవ్వాలి. ప్రభుత్వం వాటిని విని, ఆ తర్వాతే ఆమోదించాలి.

ఈ చివరి మెట్టు దగ్గరే మొదటి గొడవ వచ్చింది. కృష్ణా జిల్లాలో రూట్లు తీసుకోబోతే గుళ్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాళ్ల అభ్యంతరాలు విన్నది హోం శాఖ కార్యదర్శి, తీర్పు చెప్పింది ముఖ్యమంత్రి. 1958 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురి మాటగా కోకా సుబ్బారావు తీర్పు రాశారు. రాజమండ్రి మనిషి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి. వాదన ఒకరు విని నిర్ణయం ఇంకొకరు చేస్తే విన్నట్టే కాదని ఆ తీర్పు సారాంశం. పైగా విన్న కార్యదర్శి, రూట్లు కావాలంటున్న శాఖకే అధిపతి. ఫిర్యాదు చేసినవాడే న్యాయం చెప్పే చోట ఎవరికి నమ్మకం కుదురుతుంది? ఆ ఆమోదం చెల్లలేదు.

తర్వాత జరిగింది కూడా అంతే ముఖ్యం. ముఖ్యమంత్రి తానే కూర్చుని అభ్యంతరాలు మళ్లీ విన్నారు, పథకాన్ని ఆమోదించారు. ఆయనకు ముందే మనసులో ఒక నిర్ణయం ఉందంటూ యజమానులు మళ్లీ ఢిల్లీ వెళితే, 1959లో అదే సుప్రీంకోర్టు వాళ్ల మాట ఒప్పుకోలేదు. ప్రభుత్వానికి ఒక విధానం ఉండడం వేరు, ఒక మనిషి మీద పగ ఉండడం వేరు. పద్ధతి సరిచేసుకున్నాక పథకం నిలబడింది. తప్పు ఎత్తిచూపిన కోర్టే, ప్రభుత్వం దాన్ని దిద్దుకున్నాక దారి ఇచ్చింది కాబట్టి, న్యాయస్థానాలు ప్రజల ప్రభుత్వానికి అడ్డుపడుతున్నాయన్న మాట ఈ కేసుల విషయంలో నిలవదు.

కర్నూలు కథ ఇంతకంటే చిక్కు. రూట్లను ఏ జిల్లా తర్వాత ఏ జిల్లాలో తీసుకోవాలో అనంతరామకృష్ణన్ కమిటీ 1961లో ఒక వరస సూచించింది. అందులో కర్నూలు వంతు వెనక ఉంది. అప్పటి ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య, ఆయనదీ కర్నూలు జిల్లాయే. 1962 ఎన్నికల్లో నీలం సంజీవరెడ్డి అదే జిల్లా డోన్ నుంచి శాసనసభకు పోటీచేసి గెలిచారు, మార్చిలో ముఖ్యమంత్రి అయ్యారు. కొద్ది నెలల్లోనే వరస మారింది. కర్నూలు ముందుకు వచ్చింది, జిల్లాలో కొన్ని ప్రాంతాల రూట్లకు పథకాలు వెలువడ్డాయి.

సి.ఎస్. రౌజీ, మరికొందరు యజమానులు హైకోర్టులో రిట్లు వేశారు. ఎన్నికల్లో తాము ముఖ్యమంత్రికి అనుకూలంగా లేమని, ఆ కోపంతోనే తమ రూట్ల మీదికి వచ్చారని వాళ్ల ఆరోపణ. హైకోర్టులో ఓడిపోయారు. ఆగకుండా సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ఈ యజమానులు త్యాగమూర్తులేమీ కాదు. తమ బండ్లు, తమ పర్మిట్లు, తమ రాబడి కాపాడుకోవడానికి వెళ్లారు. ప్రైవేటు బస్సుల్లో కుక్కి కుక్కి ఎక్కించుకోవడం, నిండేదాకా బండి కదలకపోవడం జనం భరించినవే. ఆర్టీసీ బస్సు వస్తే బాగుండునని కోరుకున్న ప్రయాణికులు ఎందరో ఉండి ఉంటారు, ఆ కోరిక న్యాయమైనదే. అయినా రౌజీ కేసులోని ప్రశ్న బస్సు యజమానులను దాటిపోయింది. జనం ఓట్లతో గెలిచిన నాయకుడు, మంచి పేరున్న ఒక విధానాన్ని తనకు ఓటు వెయ్యనివాళ్ల మీద ఆయుధంగా వాడవచ్చా? ఇవాళ రూటు, రేపు రేషను కార్డు, ఎల్లుండి ఇంటి స్థలం. ఒకసారి ఒప్పుకుంటే దీనికి అంతెక్కడ?

1964 ఆరంభంలో తీర్పు వచ్చింది, రాసినవారు న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగార్. దురుద్దేశమన్న ఆరోపణ చేయడం తేలిక, రుజువు చేయడం కష్టం, ఆ భారం చేసినవాళ్లదే అని ఆయన మొదటే స్పష్టం చేశారు. ఆధారాలు లేకుండా ఊరికే అంటే కోర్టు చెవిన పెట్టదు. కానీ ఇక్కడ యజమానులు వివరాలతో సహా చెప్పారు. కమిటీ వరస ఏమిటి, అది ఎప్పుడు మారింది, మార్పుకు ముందు ఏం జరిగింది అన్నవన్నీ కాగితాల మీద కనిపిస్తున్నాయి. మార్పుకు కార్పొరేషన్ చెప్పిన కారణాలు కోర్టుకు సరిపోలేదు.

అసలు లోటు ఇంకొకటి. కార్పొరేషన్ తరఫున జవాబు వచ్చింది గానీ, ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేయలేదు. ఒక మనిషి మనసులో ఏముందో ఆ మనిషే కదా చెప్పాలి. ఆయన తరఫున మరొకరు కాదంటే అది కాదన్నట్టు కాదు. ఖండన లేదు, పరిస్థితులు ఆరోపణవైపే చూపిస్తున్నాయి కాబట్టి కోర్టు దాన్ని ఒప్పుకోవలసి వచ్చింది. చట్టం కార్పొరేషన్‌ను స్వయంగా ఆలోచించమంటే, ఆ ఆలోచన ముఖ్యమంత్రిదైపోయిందని తేలింది. పథకాలు కొట్టేశారు.

తీర్పులో రాజీనామా చేయమన్న మాట లేదు. శాసనసభలో కాంగ్రెసుకు మెజారిటీ ఉంది, ఆయనను దింపగల ఓటు ఎక్కడా లేదు. అయినా 1964 ఫిబ్రవరిలో నీలం సంజీవరెడ్డి పదవి వదిలేశారు, కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ రాజీనామాకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. తర్వాత ఆయన కేంద్ర మంత్రిగా, లోక్‌సభ స్పీకరుగా, 1977లో రాష్ట్రపతిగా ఎదిగారు. తప్పు పట్టిన వ్యవస్థే ఆయనను అత్యున్నత పీఠం మీద కూర్చోబెట్టింది. కోర్టు మాటకు తలవంచడం ఆయన రాజకీయ జీవితాన్ని ముగించలేదు, ఈ సంగతి ఇవాళ్టి పాలకులకు గుర్తుచేయాలి.

జాతీయం చేయడం ఆగలేదు, ఆగవలసిన అవసరమూ లేదు. పద్ధతి ప్రకారం రూట్లు ఒక్కొక్కటే ఆర్టీసీ చేతికి వచ్చాయి. పల్లెవెలుగు బస్సులో కాలేజీకి వెళ్లే పిల్లలకు, సంతకు బుట్టలతో దిగే ఆడవాళ్లకు ఆ సంస్థ చేసిన మేలు చిన్నది కాదు. మార్కాపురం పలకలు దేశంలో ఎక్కడెక్కడికో వెళ్లాయి గానీ, వాటిని చెక్కిన మనుషులు పనికి వెళ్లి ఇల్లు చేరడానికి ఊళ్ల మధ్య బస్సే కావాలి. యజమానులు గెలిచినా రూట్లు ఎల్లకాలం నిలుపుకోలేకపోయారు. నిలిచింది న్యాయసూత్రమే. అధికార దుర్వినియోగం మీద వాదన వచ్చినప్పుడల్లా న్యాయవాదులు ఈ కర్నూలు బస్సుల కేసును తీస్తారు.

ఒక విషయం మాత్రం అప్పటి కేసుల్లో వెలితిగానే మిగిలింది. గెజిట్ చదివేది ఎవరు? అభ్యంతరం చెప్పే హక్కు పథకం వల్ల నష్టపోయేవారికి అన్నారు, ఆచరణలో కోర్టుదాకా వెళ్లింది పర్మిట్ ఉన్నవాళ్లే. రోజూ ఆ బస్సెక్కే రైతు, కూలి, విద్యార్థి గొంతు ఆ కాగితాల్లో ఎక్కడా వినపడదు. పౌరుల బాధ్యత గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ లోటునూ చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ప్రభుత్వానికి హద్దు గుర్తుచేసింది లాయరు ఫీజు, ఢిల్లీ రైలు ఖర్చు పెట్టుకోగలిగిన కొద్దిమందే.

1988లో వచ్చిన మోటారు వాహనాల చట్టంలో ఈ లోటు కాస్త తీరింది. రూట్లు తీసుకునే ప్రతిపాదనను గెజిట్‌తో పాటు, ఆ ప్రాంతంలో చదివే స్థానిక భాషా దినపత్రిక ఒకదానిలోనైనా ప్రచురించి తీరాలి. గెజిట్‌లో వచ్చిన నాటి నుంచి 30 రోజుల గడువు అలాగే ఉంది. అభ్యంతరం చెప్పేవారి విషయంలో మాత్రం ‘నష్టపోయే వ్యక్తి’ అన్న షరతు ఇందులో లేదు, ఎవరైనా చెప్పవచ్చు. బేస్తవారిపేటలో బస్సు కోసం నిలబడ్డ మనిషి, చేతిలో ఏ పర్మిట్ లేకపోయినా, పేపర్లో ఆ ప్రకటన చూసి తన ఊరి రూటు గురించి ప్రభుత్వానికి అభ్యంతరం రాసి పంపవచ్చు.