మరచుట్ల చరిత్రము

పాత యంత్రమునకు విడిభాగము దొరకదను మాట మన కార్ఖానాలయందు నిత్యము వినబడుచున్నది. అరంగుళపు బోల్టు కావలెనని దుకాణమునకు పోయినవానికి అరంగుళపు బోల్టే లభించును. తెచ్చి బిగింపబోగా రెండు మూడు చుట్లు తిరిగి నిలిచిపోవును. దోషము అమ్మినవానిది కాదు, కొన్నవానిది కాదు. కొలిమిని నమ్మి బ్రదికిన కుటుంబములవారమగుటచే మనము దీని పూర్వోత్తరములు తెలిసికొనుట యుక్తము.

పూర్వము ప్రతి పనివాడును తన బోల్టునకు తానే నట్టును చేసెడివాడు. ఆ రెండును దంపతులవలె ఒకదానికొకటి మాత్రమే సరిపడెడివి. యంత్రము విప్పునప్పుడు ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తు వేయకున్న తిరిగి కూర్చుట దుర్ఘటము. దీనిని పెద్దలు పనితనముగా నెంచిరి. పనితనమే, సందేహము లేదు. కాని చేసినవాడు గతించిన పిమ్మట ఆ యంత్రమునకు దిక్కెవరు?

ఇంగ్లండున హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతమున మరలు కోయు లేతును చక్కజేసి, ఒకే కొలతను పదేపదే కోయుటకు వీలు కల్పించెను. ఆయన కర్మాగారమున పనిచేసిన జోసఫ్ విట్‌వర్తు పెక్కు కార్ఖానాల బోల్టులను సేకరించి, వాని సగటు గ్రహించి, 1841లో ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. చుట్టు కోణము 55 డిగ్రీలు. అరంగుళపు బోల్టునకు అంగుళమునకు 12 చుట్లు. అమెరికాలో విలియం సెల్లర్సు 1864లో 60 డిగ్రీల కోణమును, అదే బోల్టునకు 13 చుట్లను నిర్ణయించెను. సమబాహు త్రిభుజపు కోణమగుటచే సామాన్యుడైన పనివాడును సులభముగా కోయగలడని అతని వాదము. ఇది నాకును సమంజసముగనే తోచుచున్నది. కాని ఆ యొక్క చుట్టు భేదమే రెండు దేశముల యంత్రములను వేరుచేసినది.

కొలతలు కలియకున్న నేమగునో 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోరు నగరము చూచినది. అగ్ని చెలరేగగా వాషింగ్టను, ఫిలడెల్ఫియా మొదలగు నగరములనుండి జలయంత్రములు పరుగున వచ్చినవి. కాని ఊరికొక కొలత యుండుటచే పెక్కు గొట్టములు ఆ నగరపు నీటి కుళాయిలకు తగులుకొనలేదు. నీరు కలదు, గొట్టము కలదు, మనుష్యులు కలరు, మరచుట్టు కలియలేదు! 1500కు పైగా భవనములు దగ్ధమైనవి. మరుసటి సంవత్సరమే అచటివారు గొట్టములకు దేశీయ ప్రమాణమును ఏర్పరచుకొనిరి.

రెండవ ప్రపంచ యుద్ధమున మిత్ర సైన్యములకును ఇదే చిక్కు కలిగెను. కావున 1948 నవంబరులో బ్రిటను, అమెరికా, కెనడాలు 60 డిగ్రీల ఏకీకృత ప్రమాణమునకు సమ్మతించినవి. మన దేశమున 1956 నాటి చట్టముచే మెట్రికు కొలతలు వచ్చినవి. క్రమముగా దుకాణములు మిల్లీమీటరు బోల్టులతో నిండినవి. అరంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు, 12 మిల్లీమీటర్ల బోల్టు దానికి బదులు కాజాలదు.

కావున పాత ఇంగ్లీషు నూనె ఇంజను గలవారు కొలత నోటితో చెప్పక, పాత బోల్టునే చేతపట్టుకొని పోవలెను. త్రెడ్ గేజితో చుట్లు సరిచూపించుకొనవలెను. సరిపడనిదానిని పానాతో బలవంతముగా త్రిప్పినచో చెడునది రెండు రూకల బోల్టు కాదు, మరల దొరకని ఇంజను రంధ్రము. ఎవరో నడుమ మరమ్మతు చేసి కొత్త మర కోసిన యంత్రముల సంగతి మరియు కష్టము: ఒక వైపు విట్‌వర్తు, రెండవ వైపు మెట్రికు. అట్టివానికి ప్రతి రంధ్రమును వేరువేరుగా పరీక్షించి, దుకాణమున లేనిదానిని లేతుపై కోయించుకొనవలెను.