వేటవింటిపై బాణపు ఆనిక: పదసాక్ష్యం, హస్తసాక్ష్యం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమకు విలువిద్యతో సాహిత్యసంబంధం ప్రాచీనమైనది. వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరిని పంపకవి 941లో విక్రమార్జున విజయంలో అర్జునునితో అభేదంగా కీర్తించాడు. కావ్యం విలుకాని కీర్తిని చెబుతుంది. అయితే బాణం వింటిపై ఎక్కడ ఆనేదో తెలియాలంటే ఇతర సాక్ష్యాలను ఆశ్రయించాలి.

అమరకోశం వింటి నడిమి పట్టును లస్తకమనీ, కొనను అటని అనీ, నారిదెబ్బ నుండి ముంజేతిని కాచే తోలుపట్టీని గోధ అనీ పేర్కొన్నది. బాణపు ఆనికకు మాత్రం అందులో ప్రత్యేక పదం లేదు. ఆ పనిని పట్టు పట్టిన పిడికిలే నిర్వహించేదని దీనినిబట్టి ఊహించవచ్చు.

సాధారణ వెదురువింటిలో బాణం చూపుడువేలి కణుపుపై ఆనుతుంది. బాణం సాగిపోయేటప్పుడు ఈక వంగి, వింటికీ చేతికీ తగిలినా దారి తప్పనీయదు. నేటి కాంపౌండ్ వింటి బాణాలకు బిరుసైన ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అందుకే బాణం వెలువడగానే కిందికి వాలిపోయే ఆనిక అవసరమైంది. కాబట్టి ఆనిక ఎంపిక ఈక స్వభావాన్ని అనుసరించేది.

నల్లమల చెంచుల జీవనంపై హైమెన్‌డార్ఫ్ గ్రంథం 1943లో వెలువడింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట నిషిద్ధమైంది. విల్లును ప్రదర్శనశాల భద్రపరచగలదు; పిడికిలి నేర్పును భద్రపరచలేదు. ఆనిక లేని విల్లును అసంపూర్ణమని నమోదు చేయక, వృద్ధుల చేతిపట్టునూ ఈకల అరుగుదలనూ నమోదు చేయడం క్షేత్రపరిశోధకుల తక్షణ కర్తవ్యం.