నాగుళ్ళపూడి గట్టు దిగాక

హాలీవుడ్ భయానక చిత్రాల మాటొస్తే, కింగ్‌కాంగ్ గుప్పిట్లో చిక్కి కెవ్వుమన్న ఫే రే గుర్తొస్తుంది. 1933 నాటి ఆ కేక, 2004లో 96 ఏళ్ళ వయసులో పోయేదాకా ఆవిణ్ణి వదల్లేదు. మరి మన తెరమీద మాంత్రికుడి చేత చిక్కిన తొలినాటి సుందరి ఎవరంటారా? నన్నడిగితే కాంచనమాల పేరే చెబుతాను.

ఇప్పటి పిల్లలకి సినిమావాళ్ళంటే జూబిలీహిల్స్ మేడలూ, ఫిల్మ్‌నగర్ వీధులూను. అప్పట్లో అక్కడ బండరాళ్ళే! తెలుగు సినిమా కాపురం మద్రాసులో. తెనాలి దగ్గర అమృతలూరులో పుట్టిన ఈ పిల్ల అక్కడే వెలిగింది. 1938లో 'గృహలక్ష్మి'లో వగలాడి, అదే ఏడు 'మాలపిల్ల'లో నాయిక. ఒకే ఏడాదిలో అంత దూరం నడవడం మాటలా?

1942లో జెమినీవారి 'బాలనాగమ్మ' వచ్చింది. అమ్మమ్మలు చెప్పిన కథే. మాయల మరాఠీ బిచ్చానికొచ్చి, బాలనాగమ్మని కుక్కగా మార్చి నాగుళ్ళపూడి గట్టుకి ఎత్తుకుపోతాడు. ఆవిడేమో వ్రతం వంక పెట్టి వాణ్ణి దూరంగా ఉంచుతుంది. మరాఠీ గోవిందరాజుల సుబ్బారావు. ఆ చూపుకి నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అసలాయన వృత్తికి డాక్టరు! 1955 నాటి 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లూ ఆయనే.

చిత్రం కాసులు కురిపించింది. కాంచనమాలకి మాత్రం అదే ఆఖరి పెద్ద వేషమైంది. జెమినీ అధిపతి వాసన్‌తో ఒప్పందం దగ్గర పేచీ వచ్చింది. బయటి చిత్రాల్లో వేసే దారి మూసుకుపోయింది. మనసు చెదిరింది. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు, అంతే.

అమెరికాలోనూ ఇలాంటి పేచీయే నడిచింది. ఒలీవియా డి హావిలాండ్ వార్నర్ కంపెనీ మీద కోర్టుకెక్కింది. ఏడేళ్ళకి మించి నటీనటుల్ని కట్టిపడేయకూడదని 1944లో కాలిఫోర్నియా కోర్టు తేల్చింది. తర్వాత ఆవిడ రెండు ఆస్కార్లు అందుకుంది. ప్రతిభలో మనమ్మాయి తీసిపోయిందా? తీసిపోలేదు. ఆ తీర్పులాంటిది ఇక్కడ లేకపోయింది, అదే తేడా.

కథలో బాలనాగమ్మ కొడుకు మరాఠీ ప్రాణమున్న చిలకని పట్టి తల్లిని విడిపించుకొస్తాడు. కాంచనమాల కోసం వచ్చింది 'ఇల్లాలు'లో తోడు నటించిన లక్ష్మీరాజ్యం. 1963లో తన సొంత సంస్థ తీసిన 'నర్తనశాల'లో ఆవిడచేత చిన్న వేషం వేయించింది. పెద్ద వేషాలు పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ స్నేహితురాలి పట్టుదలకి నేను చెయ్యెత్తి నమస్కరిస్తాను.

కాంచనమాల 1981 జనవరిలో మద్రాసులోనే కన్నుమూసింది.